అమృతబళ్ళి పసరు

జిగణిలో మా ల్యాబ్ పని చెప్పడానికి తేలిక, చేయడానికి మహా విసుగు. దగ్గు, ఆయాసం తెచ్చే వైరస్‌ల మీద మొక్కల రసాలు ఏమైనా పనిచేస్తాయా అని చూస్తాం. ప్లాస్టిక్ పళ్ళెంలోని చిన్న చిన్న గుంటల్లో కణాలు పెంచి, వాటికి వైరస్ అంటించి, పైన రసం పోస్తాం. మామూలుగా ఏమీ జరగదు. ఆ రోజు తిప్పతీగ రసం పోసిన గుంటల్లో మాత్రం వైరస్ జాడే లేదు.

గంతులేశాం. తర్వాత మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలూ బతికి లేవు. రసం చిక్కగా పడి అన్నిటినీ చంపేసింది. బతికిన కణం ఉంటే కదా వైరస్ పెరిగేది! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట.

సాయంత్రం కాటన్‌పేటలో మా ఇంటికి వచ్చి ఇదే చెప్పాను. అమ్మ "వైరస్ చచ్చింది" అన్నంతవరకు విని, మిగతాది వినకుండానే పక్కింటికి పరుగెత్తింది. కూతురు మందు కనిపెట్టిందని వీధంతా టముకు వేసింది. అప్పటికే నాయనకు జ్వరమూ దగ్గూ. నూలు దుకాణం మూయనంటాడు, డాక్టరు దగ్గరికి రానంటాడు. మరునాటి నుంచి పరగడుపున గ్లాసెడు పచ్చటి తిప్పతీగ పసరు మొదలైంది.

"నాయనా, అది ఆపు. నేను చెప్పింది సగమే విన్నారు మీరు."

"సుమ్మనే ఊరుకో పాపా. ఈ ఊర్లో దీన్ని ఏమంటారు? అమృతబళ్ళి. అమృతం తాగి చచ్చినోడు యాడన్నా ఉండాడా?"

తెలుగులో అది ఒట్టి తిప్పతీగ. కన్నడంలో దానికి ఆ పేరు పెట్టినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. గ్లాసు పారబోశాను. అమ్మ మళ్ళీ నూరింది. దగ్గు తగ్గింది కూడా. అది దానంతటదే తగ్గేదని అంటే ఎవరు వింటారు? గుణం కనిపించిందని రెండు పూటలా తాగడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు అన్నం సయించడం మానేసింది. ఒక పొద్దున వాకిట్లో ఎండకు నిలబడి నాయన నా వైపు తిరిగాడు. కళ్ళు పచ్చగా పసుపు కలిపిన నీళ్ళలా ఉన్నాయి. వెంటనే ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నేను చెప్పిన పసరు సంగతి విని, రక్తపరీక్ష చూసింది. కాలేయం దెబ్బతిందనీ, ఆ పసరు ఆపితే కోలుకోవచ్చనీ, ఆపకపోతే తన చేతుల్లో లేదనీ చెప్పింది. అమ్మ తలూపింది. నాయనను అక్కడే చేర్చుకున్నారు. బతికిపోయాం అనుకున్నాను.

కానీ కళ్ళలో పచ్చ తగ్గలేదు, ముదిరింది. నాయన మగతలో పడ్డాడు. నన్ను చూసి ఎవరని అడిగాడు. అన్నీ ఆపినా ఇలా ఎందుకవుతోందో డాక్టరమ్మకు అంతుపట్టలేదు. నాకు భయం వేసింది, చెప్పుకోలేనంత భయం.

కాఫీ అయినా తాగుదామని అమ్మ తెచ్చిన ఫ్లాస్కు మూత తీశాను. గుప్పుమని పచ్చి ఆకు వాసన.

"అమ్మా! పసరు ఆపమన్నారు కదా!"

అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఓదారుస్తున్నట్టు చెప్పింది.

"అది ఆపేసినా కదే. అది దగ్గుకు. ఇది కామెర్ల పసరు. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదని లోకమంతటికీ తెలుసు. నువ్వు భయపడొద్దు, ఈడికి వచ్చినప్పట్నుంచీ పూట తప్పకుండా తాపిస్తా ఉండాను."