నేను పాడని వన్స్‌మోర్

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. దయ్యం పట్టిందని మా వీధిలో చెప్పుకున్న ఆడవాళ్ళలో సగం మందికి పట్టింది రక్తహీనత, మిగతా సగానికి అత్తగారి పోరు అని వాదించేదాన్ని. పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్తాను. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా కూడా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికైనా కారణం తోస్తే చెప్పండి, సంతోషంగా వింటాను.

మాది నాటకాల ఇల్లు. నాయన హార్మోనిస్టు. రొద్దం చుట్టుపక్కల పద్య నాటకం ఆడారంటే హార్మోనియం పెట్టె ముందు ఆయనే ఉండేవాడు. నాకు పాట నేర్పింది కూడా ఆయనే.

పద్య నాటకాలు చూడని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పద్యం నచ్చితే జనం 'వన్స్‌మోర్' అని కేకలు వేస్తారు. అప్పుడు కథలో చచ్చిపడి ఉన్నవాడైనా సరే, లేచి ఆ పద్యం మళ్ళీ పాడాలి. పాడకపోతే ఊరిని అవమానించినట్టే. వన్స్‌మోర్ పడ్డాక వాయించకుండా పెట్టె మూసిన హార్మోనిస్టును మా పక్క ఇంకో నాటకానికి పిలవరు. నాయనకు ఇది మర్యాద కంటే కూడా ఎక్కువ. దేవుడికి దీపం పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ వన్స్‌మోర్ వదిలిన రోజు లేదు.

పోయిన సంవత్సరం ధర్మవరంలో రఘు సార్ అనే కాలేజీ లెక్చరర్ ఒక పాత కథను కొత్త రకం సంగీత నాటకంగా తయారుచేశారు. కోట కడుతుంటే బురుజు నిలవదు. కట్టింది కట్టినట్టే కూలుతుంది. రేపు మధ్యాహ్నం ఏ మేస్త్రి పెండ్లాం ముందుగా సద్ది తెస్తే ఆమెను గోడలో పెట్టి కట్టాలని, ఈ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పకూడదని తీర్మానం చేస్తారు. మిగతా మేస్త్రీలు ఇళ్ళల్లో చెవిలో వేసి పెండ్లాలను ఆపుకుంటారు. ఒక్కడే మాట తప్పడు. అతని పెండ్లాం ఎప్పటికన్నా ముందుగా, వేడివేడి సంగటి కట్టుకుని వస్తుంది. మా పక్క ప్రతి అవ్వకూ తెలిసిన కథే. ఏ కోట ఊరివాళ్ళు ఆ కోటదే అంటారు.

ఆ పెండ్లాం వేషం నాది.

గోడ మా నాటకానికి సెట్లు వేసే మౌలాలి అన్న చేశాడు. మూడు పక్కలా ప్లైవుడ్ పెట్టె, ముందు వైపు ఖాళీ. నేను లోపల నిలబడి పాడుతుంటే, ఒక్కో చరణానికి రెండేసి వరుసల చొప్పున థర్మోకోల్ రాళ్ళు పేర్చి అతికిస్తారు. చివరి చరణానికి నా ముఖం కూడా మూసుకుపోతుంది. రాళ్ళు కదిలితే చప్పుడు రాకుండా లోపల పాత పరుపుల స్పాంజి కొట్టారు. వెనకాల ఒక తలుపు. రిహార్సల్‌లో నా వీపు తగిలి అది రెండుసార్లు తెరుచుకుందని బయటనుంచి గడియ పెట్టారు. గడియ దగ్గర మౌలాలి అన్న నిలబడతాడు. హార్మోనియం ఆగడమే అతనికి గుర్తు. ఆగగానే తీయాలి.

మిగతా పాటలన్నీ రికార్డు చేసినవే. ఈ ఒక్కటీ నాయన హార్మోనియంతో నేను నేరుగా పాడాలి. 'రాయి మీద రాయి పెట్టు మామా, ఎండ పడకుండా పెట్టు' అని మొదలవుతుంది. మూడు చరణాలు. పాట అయిపోగానే నా మైకు ఆపేస్తారు. వన్స్‌మోర్ ఒప్పుకోవద్దని రఘు సార్ అందరికీ గట్టిగా చెప్పారు.

మొదటి ప్రదర్శన హిందూపురంలో, ఒక కళ్యాణ మంటపంలో, ఆదివారం మధ్యాహ్నం. పాట అయిపోయింది. చీకట్లో నిలబడి చప్పట్లు వింటున్నాను. స్పాంజి వల్ల అంతా దూరంగా వినిపిస్తుంది. వన్స్‌మోర్ అని కేకలు. నేను నోరు తెరవలేదు. తలుపు తీసేలోపే హార్మోనియం మళ్ళీ మొదలైంది, ఈసారి కొంచెం తగ్గు శ్రుతిలో. జనాన్ని బుజ్జగించడానికి నాయన ఏదో వాయిస్తున్నాడనుకున్నాను. నాలుగైదు నిమిషాలకు ఆగింది, తలుపు తీశారు. చెమటతో చీర ఒంటికి అంటుకుపోయింది.

బయట ఆడవాళ్ళు చుట్టుముట్టారు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే ఒకామె నా చేతులు పట్టుకుని వదల్లేదు.

"అక్కా, మొదటిసారి పాడింది ఒక ఎత్తు, రెండోసారి పాడింది ఒక ఎత్తు. మా అత్త ఇంకా ఏడుస్తానే ఉండాది, సూడు."

ఆమె ఏమంటుందో నాకు సరిగా అర్థం కాలేదు. పొగడ్త కదా, తలకెక్కించుకుని నవ్వాను. వ్యానులో రఘు సార్ ముఖం మాడ్చుకుని, వన్స్‌మోర్ వద్దన్నాను కదమ్మా అన్నారు. నాయన వాయించినదానికి నన్ను అంటున్నారనుకున్నాను. పెద్దాయన్ను తిట్టించడం ఎందుకని, ఇంకోసారి జరగదు సార్ అన్నాను. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పెనుకొండలోనూ అలాగే జరిగింది. అవే కేకలు, అదే తగ్గు శ్రుతి, ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు. లోపల ఊపిరి సరిగా ఆడక గోడను రెండుసార్లు తట్టాను. స్పాంజి మీద తట్టితే ఏం వినిపిస్తుంది? బయటికి వచ్చాక కోట వీధిలో ఉండే ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"పాపా, ఆ నాలుగో చరణం నాకు రాసియ్యల్ల. 'తెచ్చిన సద్ది తింటివా మామా, చల్లారకముందే తింటివా' అని పాడితివే, అది."

మా పాటలో నాలుగో చరణం లేదు. సద్ది మాట మూడు చరణాల్లో ఎక్కడా లేదు. నవ్వుతూనే, నేను పాడలేదు తాతా అన్నాను. ఆయన కోపగించుకున్నాడు. పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా విన్నామన్నారు. రఘు సార్‌ను అడిగితే, ఆ చరణం నేనే సొంతంగా కలిపానని ఆయన హిందూపురం నుంచీ అనుకుంటున్నారట. కోపం పక్కనపెట్టి, చరణం మాత్రం బాగుందమ్మా అన్నారు.

ఆ సాయంత్రం నాయనను అడిగాను.

"జనం నూరు చెప్తారు పాపా. వదిలెయ్" అన్నాడు.

నేనూ వదిలేశాను. పాట తలలో తిరుగుతుండగా హార్మోనియం వింటే, మనసు మాటలు అల్లుకుంటుందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. మరి హిందూపురంలో, పెనుకొండలో అవే మాటలు ఎలా అల్లుకుంటుందో మాత్రం చెప్పుకోలేదు. ధర్మవరం ప్రదర్శన వాల్‌పోస్టర్ మీద నా ఫోటో ఉంది. నాతోటి టీచర్లు, పిల్లల తల్లులు టిక్కెట్లు కొనుక్కున్నారు. ఆ వేషం వేయడానికి ఇంకో మనిషి లేదు. వేయనని ఏ ముఖంతో చెప్పాలి?

ధర్మవరంలో హాలు నిండిపోయింది. మగ్గాలు ఆపుకుని నేతవాళ్ళు ఇంటిల్లిపాదీ వచ్చారు. మధ్యాహ్నం మూడు గంటలు, రేకుల కప్పు. మూడో చరణం పాడుతుండగానే గొంతు ఎండిపోయింది. చివరి రాయి పెట్టారు. చీకటి. చప్పట్లు. వన్స్‌మోర్. తగ్గు శ్రుతిలో హార్మోనియం.

అది ఆగింది అనుకునేలోపు మళ్ళీ కేకలు, మళ్ళీ హార్మోనియం. అలా మూడుసార్లు. మధ్యలో తలుపు తీసేంత వ్యవధి కూడా లేదు. మొదట తట్టాను. తర్వాత మోచేతులతో గుద్దాను. తర్వాత అరిచాను. "మౌలాలన్నా, తియ్యి" అని ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. పెట్టెలో చేతులు చాచే చోటు లేదు, కూర్చునే చోటు లేదు. ముక్కుకు రెండంగుళాల దూరంలో గోడ. నా ఊపిరే నా ముఖానికి వేడిగా కొడుతోంది. చచ్చిపోతానని నాకు నిజంగా అనిపించింది. వందల మంది ఎదురుగా కూర్చుని చూస్తుండగా, చప్పట్ల మధ్య, ఎవరికీ తెలియకుండా చచ్చిపోతాను అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా లేచి కిటికీ తెరిచి వచ్చాను.

నుదుటి దగ్గరున్న రాయి సందులో వేళ్ళు దూర్చి, గోళ్ళు విరిగేదాకా తోశాను. రాయి ఊడి స్టేజి మీద పడింది. సందులోంచి చేయి బయటపెట్టి ఆడించాను.

హార్మోనియం ఆగలేదు. ఆ తర్వాత ఇంకా వాయించి, అప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. మౌలాలి అన్న నన్ను కింద పడకుండా పట్టుకున్నాడు. గడియ మీద చెయ్యి పెట్టుకునే నిలబడి ఉన్నాడట, పాపం. "నువ్వు పాడతాండావు కదమ్మా, పాట మధ్యలో తీస్తే సారు తిడతాడని" అన్నాడు.

ముఖం మీద నీళ్ళు చల్లిన నేతపని చేసే ఒకామె, నేను తేరుకున్నాక నెమ్మదిగా చెప్పింది.

"చెయ్యేమో బయటికొచ్చి కొట్టుకులాడతాంది. పాటేమో నిమ్మళంగా పోతానే ఉండాది. చెయ్యి ఒకరిది, గొంతు ఒకరిది ఉన్నట్టుండె తల్లీ. మాకు లేచేకే కాళ్ళు రాలేదు."

మా స్కూలు టీచరొకామె ఆ చివరి భాగమంతా ఫోన్‌లో వీడియో తీసింది. మర్నాడు పొద్దున ఇద్దరం కూర్చుని చూశాం. మొదటిసారి నేను పాడింది స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత కేకలు, హార్మోనియం. గొంతు లేదు. హార్మోనియం ఒక వరుస వాయించి తగ్గుతుంది, ఎవరో పాడితే వెనకాల సన్నగా పట్టుకున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత అదే వరుస అందుకుంటుంది. ఊపిరి పీల్చుకోవడానికి వదిలే జాగాలు కూడా ఉన్నాయి. ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. వీటన్నిటి కింద, సన్నగా, నేను గుద్దుతున్న చప్పుడు. వీడియో తీసిన టీచరు ఫోన్ బల్ల మీద పెట్టేసి, నిన్న నేను విన్నానే, ఆ సద్ది చరణం నా చెవులతో విన్నానే అని ఏడవడం మొదలుపెట్టింది.

ఆ వీడియో తీసుకెళ్ళి నాయన ముందు పెట్టాను. చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"నీ శ్రుతి ఐదు. ఆయమ్మది నాలుగు. హిందూపురంలో మొదటి ముక్కకే తెలిసిపాయ నాకు" అన్నాడు.

"ఎవరు నాయనా?"

"నాకేం తెలుసు పాపా. వన్స్‌మోర్ పడె, ఆయమ్మ ఎత్తుకునె, నేను పట్టుకుంటి."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"చెప్పింటే నువ్వు లోపలికి పోయిందువా?"

నా చెయ్యి బయటికి రావడం చూడలేదా అని అరిచాను.

"చూస్తి."

"చూసీ వాయించినావా?"

"చరణం మధ్యలో ఉండాది పాపా."

నేను ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, నాకోసమేనా అన్నది నాకు తెలియదు.

"నీకు తలుపు తీసేకి మౌలాలి ఉండె, నేనుంటి, ఊరంతా ఉండె. ఆయమ్మకు ఎవురుండారు పాపా? పాడుతుంటే పట్టుకోకుండా పెట్టె మూసి ఎట్ల లేచేది? ఎంత బాగా పాడెనో" అన్నాడు.

నన్ను గురించి ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. చచ్చి బతికిన మర్నాడు కూడా నాకు ముందు గుచ్చుకున్నది అదే. మనిషి బుద్ధి అంతే కాబోలు.

తర్వాత నేను చాలా ఆలోచించాను. నాయన ఏదో వాయిస్తే జనం పాట ఊహించుకున్నారా? ఊపిరాడక నేనే తెలియకుండా పాడానా? పాడితే వీడియోలో ఉండాలి కదా. మూడు ఊళ్ళ వాళ్ళు, ఒకరి ముఖం ఒకరు తెలియని వాళ్ళు, కాగితం మీద లేని చరణాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎలా చెప్పారు? ఏ లెక్కా కుదరలేదు. ఈరోజుకీ కుదరదు.

నేను నాటకం మానేశాను. స్కూల్లో ల్యాబు గది తలుపు కూడా మూయనివ్వను. రఘు సార్ పెట్టెకు గడియ తీయించారు, వెనకవైపు మొత్తం తెరిచి పెట్టించారు. నా వేషానికి ఇంకో అమ్మాయిని తెచ్చారు.

మొన్న తలుపుల అనే ఊళ్ళో ఆ నాటకం మళ్ళీ వేశారు. నాయన హార్మోనియం భుజాన వేసుకుని వెళ్ళాడు. వద్దని నేను అనలేదు. మర్నాడు వచ్చాక కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ముఖం తేటగా ఉంది. వడ్డిస్తూ ఆయన ఎదురుగానే నిలబడ్డాను. వన్స్‌మోర్ పడిందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.