వేంకటాచలం తల, నా కట్టు

కొల్లేటి లంకల్లో ముప్ఫై ఏళ్లకు పైగా కట్లు కట్టాను. గేదె పొడిచినవాళ్లకి, పడవ గెడ తగిలి తల పగిలినవాళ్లకి, తాటిచెట్టు మీంచి జారినవాళ్లకి. నిత్యానందం కట్టిన కట్టు ఊడిపోయిందన్న మనిషి కొల్లేటికోటలో లేడు. ఉంగుటూరు దగ్గర మా పల్లెలో కంపౌండరు సర్టిఫికెట్టు తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. చదివింది ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకే. అయినా కలరా వచ్చిన ఏడు జిల్లా డాక్టరుగారు నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని మాట్లాడారు. ఇవన్నీ మావాళ్లకి తెలుసు. తెలియనిదల్లా ఆ సర్టిఫికెట్టు నా చేతికి ఎలా వచ్చిందన్నదే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు ఏలూరులో కాలవ ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. 1936లో అక్కడ కంపౌండర్ల క్లాసులో చేరాను. పొద్దున కట్లు కట్టడం, మధ్యాహ్నం మందులు కలపడం. కట్ల కోసం మమ్మల్ని ఇద్దరిద్దరిగా జత చేశారు. ఒకడి ఒంటి మీద ఒకడు కట్టి నేర్చుకోవాలి, పరీక్షలోనూ అదే జత. నా జత వేంకటాచలం. తాడేపల్లిగూడెం వైపు అర్చకుల పిల్లవాడు. పవరుపేటలో నాయనమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. చెడ్డవాడు కాడు, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నా ప్రాణం తీసింది ఆ మెత్తదనమే.

"ఏవండీ, ఇవాళ తలకి కట్టడం నేర్చుకుందామా?" అనేవాణ్ణి.

"ఇవాళ వద్దులెండి నిత్యానందంగారూ. మిమ్మల్ని తాకితే మళ్లీ స్నానం చెయ్యాలి. నాకసలే పడిశం."

"నిన్న వార్డులో యోబుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు కదండీ. యోబు మావాడే."

"ఆయన రోగి అండి. రోగిని తాకితే దోషం లేదు. మీకు రోగం లేదు కదా."

"తెప్పించుకోమంటారా?"

"ఎందుకండీ వేళాకోళం" అని నవ్వి పుస్తకం తెరిచేవాడు.

మాకు క్లాసు చెప్పే డాక్టరు రాఘవయ్యగారికి చెప్పుకున్నాను. ఆయన చుట్టూ ఎప్పుడూ రోగులే. "రేపు వైద్యం చేసుకు బతకాల్సినవాళ్లు, మీలో మీరు సర్దుకోలేరుటయ్యా?" అన్నారు. సర్దుకోవడమంటే ఎప్పుడూ నేను సర్దుకోవడమే. వేంకటాచలం ఇంటి దగ్గర తమ్ముడి వరసవాడి తల మీద కట్టి నేర్చుకున్నాడు. నాకు ఆ వసతి లేదు. తక్కిన జతలవాళ్లు వాళ్ల పనిలో వాళ్లుండేవారు. చివరికి నేనుండే హాస్టల్లో వంట చేసే సువార్తమ్మని అడిగి ఒక కుండ తీసుకుని, బోర్లించి దానికి కట్టేవాణ్ణి.

"మా కుండకి ఇంకా తలనొప్పి తగ్గలేదా నాయనా?" అనేది ఆవిడ. అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదు. ఏడాది తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా ఆ కుండకి కట్టగలిగాను.

పరీక్షనాడు తప్పదు కాబట్టి వేంకటాచలం నా తలకి కట్టాడు. నాది కత్తిరించిన క్రాపు, కట్టు అందంగా కూర్చుంది. తరవాత నా వంతు. కుండకి కట్టినట్టే కట్టాను. కానీ కుండకి పిలక లేదు. వేంకటాచలానికి వెనకాల నిమ్మకాయంత ముడి ఉంది. కట్టు దాని మీదికెక్కి అక్కడే వదులైంది. రాఘవయ్యగారు రెండు వేళ్లతో పట్టుకుని లాగితే టోపీలా ఊడి వచ్చింది.

"ఊడిపోయే కట్టు కట్టి లాభం లేదయ్యా. శుక్రవారం మళ్లీ చూస్తాను. అప్పుడూ ఊడితే మీ ఊరు వెళ్లిపో."

వరండాలోకి రాగానే అన్నాను, "మీ పిలక నా కొంప ముంచిందండీ."

"పిలక ఇవాళ మొలవలేదు కదండీ" అన్నాడు మెత్తగా.

"ముట్టుకోనిస్తేనే కదండీ నాకు తెలిసేది."

మా నాన్న పొలం గట్ల మీద మట్టి మోసి నన్ను అక్కడికి పంపాడు. ఊడిన కట్టుతో ఆయన ముందు నిలబడలేను. "పదండి, మీ నాయనమ్మగారినే అడుగుతాను" అని అతనితో పవరుపేట నడిచాను. వాళ్ల నాయనమ్మ ఆండాళ్ళుగారు వీధి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను మెట్ల కింద నిలబడి సంగతి చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి మనవడి వైపు తిరిగింది.

"ఒరేయ్, రోజూ సాయంత్రం సంధ్య వార్చుకునే ముందు స్నానం చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాను."

"ఒక్కసారి తాకినా పదిసార్లు తాకినా స్నానం ఒకటే గదరా. దానికి ముందు కట్టించుకుంటే నీ సొమ్మేం పోయింది? అబ్బాయ్, సాయంత్రం వచ్చి ఈ మెట్ల దగ్గర కట్టుకో. పైకి మాత్రం రాకు."

ఏడాది పొడుగునా నేను కుండ చుట్టూ తిరిగాను. అతను రోజూ సాయంత్రం ఎలాగూ స్నానం చేస్తూనే ఉన్నాడు.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరెప్పుడూ పొద్దున్నే అడిగేవారు కదండీ" అన్నాడు. అబద్ధం కాదు. అతనికి నిజంగానే తోచలేదు. అందుకే నాకు మరీ మండింది.

మర్నాటి నుంచి సాయంత్రం వెళ్లాను. అతను కింది మెట్టు మీద కూర్చునేవాడు. దారినపోయేవాళ్లు "ఏమైందండీ తలకి?" అని ఆగేవారు. "పరీక్షండి" అనేవాడు. మొదటిరోజు ఎన్నిసార్లు కట్టినా జారింది. "బిగించకండి, కణతలు నొప్పెడుతున్నాయి" అని గొణిగేవాడు. నేను మాత్రం వదల్లేదు. ముడి విప్పి, జుట్టు పాయగా చేసి మెడ మీద పరిచి, మొదటి చుట్టు దాని కిందనుంచి తీసుకుంటే నిలుస్తుందని నా వేళ్లకే తెలిసింది. ఎవరూ నేర్పలేదు. నేను బయల్దేరగానే ఆండాళ్ళుగారు నేను నిలబడ్డ చోట చెంబుతో నీళ్లు చల్లేది. చూశాను. చూసి మర్నాడు మళ్లీ వెళ్లాను.

శుక్రవారం రాఘవయ్యగారు రెండు వేళ్లతో లాగారు, తరవాత గుప్పిటతో లాగారు. వేంకటాచలం తల ఆయన చేతి వెంట ఊగింది కానీ కట్టు కదల్లేదు. "ఊఁ, పాసు. కొల్లేటికోట డిస్పెన్సరీకి మనిషి కావాలి, వెళతావా?" అన్నారు. వెళతానన్నాను.

ఆయన గది దాటగానే కట్టు విప్పుదామని చెయ్యి చాపాను. వేంకటాచలం కాస్త వెనక్కి వంగాడు.

"ఉండండి, నేను విప్పుకుంటాను. పరీక్ష అయిపోయింది కదండీ."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అతను నిదానంగా విప్పి ఆ గుడ్డ బల్ల మీద పెట్టి, ముడి వేసుకుంటూ స్నానానికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వార్డులో కావాలి కాబట్టి దాన్ని దులిపి, నేనే చుట్టచుట్టి పెట్టెలో పెట్టాను.