జమ్ములో ఊట

నేను కాపురానికి వచ్చిన ఊరికి మూడు వైపులా ఉప్పునీళ్లే. పులికాట్ సరస్సు పడమటి గట్టున, దొరవారిసత్రం నుంచి బండిబాట పట్టుకుని తూర్పుగా నడిస్తే వచ్చే చేపల పల్లె అది. మా పుట్టిల్లు వాకాడు వైపు, సముద్రం ఒడ్డున. అక్కడ ఇసుకలో ఎక్కడ చెలమ తీసినా మంచినీళ్లు పడేవి. ఇక్కడ కాలు పెట్టిన రోజు, ముఖం కడుక్కోమని ఇచ్చిన చెంబులో నీళ్లు పెదవికి తగిలి చేదెక్కినంత ఉప్పగా ఉంటే, ఈ ఊళ్లో ఎట్లా బతకాలా అని దిగులుపడ్డాను. యాభైల చివరి మాట ఇది.

మర్నాడు తెల్లవారుతుండగా మా అత్త నాకొక కుండ ఇచ్చి, తనొకటి చంకన పెట్టుకుని ముందు నడిచింది. బక్కపలచని మనిషి, మాట తక్కువ. మామ పోయాక ఒక్కగానొక్క కొడుకును ఆమే సాకింది. బురద నేల దాటితే, మనిషెత్తు జమ్ము గడ్డి దట్టంగా పెరిగిన చోటు వచ్చింది. చుట్టూ నేలంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంటే అదొక్కటే పచ్చగా ఉంది. జమ్ము మధ్యలో చాపంత గుంట. అడుగున ఇసుక మెల్లగా పొంగుతూ, అణుగుతూ కదులుతోంది. అత్త కొబ్బరి చిప్పతో ముంచి నా దోసిట్లో పోసింది. చల్లగా, కాస్త జమ్ము వేళ్ల వాసనతో, తియ్యగా ఉన్నాయి నీళ్లు.

"ఇసక దిబ్బల్లో పడ్డ వాన ఈడికొచ్చి తేల్తాది," అంది. "ఎండాకాలం గూడా తగ్గదు. మీ అమ్మ వస్తే చెప్పు, నీళ్లకేం కొదవ లేదని."

గుంట నిండి పొర్లిన నీళ్లు సన్నటి కాలవగా పోయి సరస్సులో కలిసేవి. కలిసే చోట నీళ్లు పూర్తిగా ఉప్పూ కాదు, పూర్తిగా తీపీ కాదు. కత్తిపరిగ చేపపిల్లలు, రొయ్యపిల్లలు అక్కడే గుంపులుగా మసిలి, కాస్త ఎదిగాక లోపలికి పోయేవి. చలికాలంలో పొడుగు కాళ్ల ఎర్రకొంగలు సరస్సంతా మేసి, ఆ కాలవలోకి వచ్చి నీళ్లు తాగి, రెక్కలు తడుపుకుని విదిలించుకునేవి. మేము కుండలతో వెళితే కాస్త పక్కకు జరిగేవి, అంతే. ఆ కాలవలో ఎవరూ వల వేయకూడదని ఊరి కట్టుబాటు.

నా పెద్ద కూతురు పాలు తాగే రోజుల్లో వానలు ఎగ్గొట్టాయి. సరస్సు వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. పడవలు బురదలో ఒరిగిపోయాయి. చేప అన్నది ఆ కాలవలోనే మిగిలింది. ఒకనాటి పొద్దున మా ఆయన వల భుజాన వేసుకుని అటు నడిచాడు. అత్త చూసింది. గబగబా అడ్డదారిన పోయి కాలవలో దిగి అడ్డంగా నిలబడింది. బిడ్డనెత్తుకుని నేనూ వెనకాలే వెళ్లాను.

"యాడికిరా?"

"ఇంట్లో ఏముండాదమ్మా? బిడ్డతల్లి గంజి తాగి పడుకుంటా ఉండాది."

"చూస్తానే ఉండాను. ఈ పిల్లలు గూడా పోతే, రేపు వానొచ్చినాక సరస్సులోకి పొయ్యేదానికి ఏముంటాయి?"

ఆయన గట్టు మీద కూర్చుని వల ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఆ పూట అత్త మీద కోపం వచ్చింది. ఆకలి అట్లాంటిది. ఆమె మాత్రం ఆ రోజు నుంచే బావులున్న రైతుల చేలకు కూలికి పోయి, కొంగున రాగులు మూటగట్టుకుని వచ్చేది. వానలు పడి సరస్సు నిండిన చలికాలం, బరువెక్కిన వల లాగుతూ మా ఆయన నవ్విన నవ్వు గట్టు మీద ఉన్న మాకు వినిపించింది. అత్త చేపలు కొయ్యడానికి కత్తిపీట తెచ్చుకుని కూర్చుంది.

అరవైలు సగం దాటాక, దిబ్బల పక్కన భూమి ఉన్న రైతు ఒకాయన నీళ్లు తోడే ఆయిల్ ఇంజను పెట్టించాడు. ఆ కరువులో పైరంతా ఎండబెట్టుకున్న మనిషి, ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. పగలంతా ఇంజను చప్పుడు మా ఇళ్ల దాకా వచ్చేది. గుంటలో ఇసుక కదలడం తగ్గింది. కాలవ సన్నబడి, తెగిపోయింది. మరుసటి వేసవి అత్త చిప్పతో నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. అటు నుంచి అటే నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు దగ్గరికి నడిచింది.

"అయ్యా, మీ ఇంజను పెట్టినాక మా ఊట ఉప్పగిల్లింది."

ఆయన కోప్పడలేదు. "నీళ్లకేనా అమ్మా? పైపు కాడికి రండి, కావల్సినన్ని పట్టుకోండి. ఇంజను ఆపమంటే మాత్రం నా పైరు పోతాది," అన్నాడు. మాట ప్రకారమే ఏనాడూ కాదనలేదు.

కుండలు నింపుకుని వస్తుంటే, దారి సగంలో అత్త ఆగింది. "మనకు కాళ్లుండాయి, పైపు కాడికి పోతాం. ఆ చేపపిల్లలు యాడికి పోతాయి?"

తర్వాత ఆమె రోజూ రెండు కుండలు మోసుకొచ్చి, ఒకటి జమ్ము మొదళ్లలో పోసేది. వాళ్లూ వీళ్లూ నవ్వారు. కొన్నాళ్లకు నేనూ ఒక కుండ పోయడం మొదలుపెట్టాను. జమ్ము నిలవలేదు. ఒక పక్క నుంచి పసుపుపచ్చగా మారి, ఎండి, గాలికి విరిగింది. ఆ చలికాలం ఎర్రకొంగలు కిందికి దిగకుండా మా ఊరి మీదుగా దక్షిణానికి సాగిపోయాయి. అత్త వాకిట్లో నిలబడి, అవి కనపడనంత దూరం పోయేదాకా చూసింది.

మరుసటి వేసవి ఆమె పోయింది. వలలో పడేది ఇంటికి చాలక, పిల్లలతో మేము వాకాడు వైపు మా పుట్టింటి ఊరికి వచ్చేశాం. మా ఆయన సముద్రం వేటకు అలవాటుపడ్డాడు. ఇక్కడ నీళ్లకు లోటు లేదు.

అయినా సరస్సు వైపు నుంచి ఎవరు గంపతో వచ్చినా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి అడుగుతాను, "జమ్ము ఏమన్నా మొలిచిందా?" అని.

"యాడ జమ్ము, అక్కా, అంతా ఉప్పునేలే," అంటారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లనూ అదే అడుగుతాను.