పెదాలు కనిపించే టీవీ

ఆ నెలంతా నాకు కుదురు లేదు. ఆఫీసు నుంచి వస్తూ ఉప్పల్‌లో బస్సు దిగాక, నాచారం ఆటో ఎక్కకుండా టీవీల షాపులోకి వెళ్లి హెచ్‌డీ టీవీల ముందు నిలబడేదాన్ని. కొనాలో వద్దో తేలక వెనక్కి వచ్చేసేదాన్ని.

"ఉన్నది మంచిగనే నడుస్తుంది కదా, కొత్తదెందుకు?" అనేవారు మా ఆయన. బొమ్మ బాగుంటుందని అనేదాన్ని నేను.

ఒక ఆదివారం ఆయన్నీ, అత్తమ్మనీ వెంటబెట్టుకుని వెళ్లాను. అత్తమ్మకు చెవులు వినబడక అప్పటికి నాలుగైదేళ్లు. మేం మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునేది. షాపులో టీవీలన్నీ శబ్దం లేకుండా నడుస్తున్నాయి. వార్తలు చదివే అమ్మాయి ముఖం నిండుగా కనిపిస్తున్న ఒక టీవీ ముందు అత్తమ్మ ఆగిపోయింది.

"రెండు దినాలు వాన పడ్తదంట," అంది.

షాపతను సౌండ్ పెంచాడు. నిజంగానే వానల వార్త.

"నీకెట్ల తెలిసిందే అమ్మా?" అన్నారు మా ఆయన, ఆమెకు ఎదురుగా వచ్చి.

"పెదాలు కనవడ్తున్నయ్ కదరా. ఇంట్ల ఉన్నదాంట్ల అంతా మసకనే."

ఆయన ఆ టీవీనే ప్యాక్ చేయమన్నారు. ఇన్నేళ్లూ ఆమె రోజూ మా పక్కనే కూర్చుని టీవీ చూసింది. అందులో ఆమెకు ఏం అర్థమవుతోందో మేం ఒక్కసారీ అడగలేదు. ఆటోలో కొత్త టీవీని పట్టుకుని కూర్చున్నానన్న మాటే గానీ, నాచారం దాకా ఆ సంగతే నన్ను తొలిచింది.