పూజకెక్కిన బూమ్

వేలూరులో ఆయుధపూజ దగ్గరపడిందంటే మా వీధంతా చింతపండు పులుపు వాసన. ఇంటింటా ఇత్తడి కుందులు ముందేసుకుని తోముతుంటారు. ఆ వాసన తగలగానే నాకు పండుగ ఉత్సాహం రాదు. గుడియాత్తంలో నాతో కలిసి పనిచేసిన కస్తూరక్క గుర్తొస్తుంది. కోపం కూడా వస్తుంది. పోయిన మనిషి మీద కోపమేమిటని మా ఆయన నవ్వుతాడు. ఆయనకేం తెలుసు!

కస్తూరక్క ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. నేను లెక్కల టీచరుగా కొత్తగా చేరినప్పుడు, పిల్లల గోలకు తట్టుకోలేక ఏడుపు ముఖంతో బయటికి వచ్చేదాన్ని. ఒకరోజు ఆమె నా భుజాలు రెండూ పట్టుకుని నిటారుగా నిలబెట్టింది. "ఏలమ్మా ఏడుస్తావు? అరిచేది తరవాత. ముందు నిలబడేది నేర్చుకో" అంది. ఆమె కాలేజీలో చదివేటప్పుడు మద్రాసులో ఎన్.సి.సి.లో చేరి విండ్‌సర్ఫింగ్ నేర్చుకుందట. పలక మీద నిలబడి, తెరచాప పట్టుకుని, గాలి ఎటు తోసినా దాన్ని మచ్చిక చేసుకుంటూ నీళ్ళ మీద పోయే ఆట. పెళ్ళయి సముద్రం లేని ఊళ్ళో పడినా పలకను, తెరచాపను వదల్లేదు. ఆ ఊరి పెద్ద చెరువు నిండితే అందులో ఒక్కసారి తిరగాలి, అంతే ఆమె కోరిక. చెరువేమో ఏళ్ళ తరబడి ఎండి, క్రికెట్ ఆడే పిల్లల పాలయింది.

తెరచాపకు రెండు పక్కలా వంగి, చేతులతో పట్టుకోవడానికి ఉండే గొట్టాన్ని బూమ్ అంటారు. తెరచాప కొలతకు తగ్గట్టు దాని వెనక కొస లోపలినుంచి బయటికి జరుగుతుంది; అదే తోక. ఆమె పాత బూమ్ విరిగిపోతే కొత్తది కొనడానికి మద్రాసు పోతూ నన్నూ లాక్కుపోయింది. అంగడివాడు తళతళలాడే ఖరీదైనవి ముందు పెట్టాడు. అక్క వాటి వంక చూడకుండా ఒక్కొక్కటీ పట్టుకుని, ఒళ్ళంతా బరువేసి వేలాడింది. చీర కట్టుకున్న మనిషి అంగట్లో గొట్టం పట్టుకుని వేలాడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి సాదాసీదా అల్యూమినియం బూమ్ ఒకటి తీసుకుంది. "లావు గొట్టమైతే పిడికిలి నొప్పెడతాది. దీని తోక చూడు, మన చాపకి బెత్తెడు బయటికి లాగితే చాలు. ఎక్కువ లాగాల్సింది కొన్నామంటే గాలికి వంగిపోతాది" అని దారంతా చెప్పింది.

నీళ్ళు లేని ఊళ్ళో దానికి జరిగిన సేవ అంతా ఇంతా కాదు. ఆదివారమైతే తోక ఊడదీసి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, చాపను బూమ్‌కి బిగించే తాడు ఎక్కడైనా పీచు లేచిందేమో వేళ్ళతో తడిమి చూసేది. "కొంచెం నూనె రాయరాదా అక్కా?" అన్నాను ఒకసారి. "నూనె వాసన కూడా తగలగూడదు. మన్ను పట్టుకుంటాది, అప్పురం తోక కదలదు" అంది. ఇదంతా మేడమెట్ల కిందే. ఆ గొట్టం ఇంట్లోకి రాకూడదని ఆమె అత్త రాజమ్మవ్వ శాసనం. పంతులమ్మ నీళ్ళ మీద ఆటలాడటం ఆవిడకు నామోషీ. ఆ ఒక్క విషయం మీదే అత్తాకోడళ్ళ మధ్య ఏళ్ళుగా ముక్తసరి మాటలు.

ఒక ఏడు వానలు విరగబడి కురిశాయి. చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు మొరవ మీదుగా పొర్లిపారాయి. ఆయుధపూజ మరునాడు చెరువులో దిగుదామని అక్క ముహూర్తం పెట్టుకుంది. ఆ రోజు బడిలో పూజ ముగించుకుని ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. దేవుడి గది గుమ్మానికి ఆనించి బూమ్ నిలబెట్టి ఉంది. అవ్వ దాన్ని కుందుల మాదిరిగానే చింతపండు, బూడిద వేసి తోమి, నువ్వుల నూనె పట్టించి, గంధం పూసి, కుంకుమ పెట్టి, మల్లెపూలు చుట్టింది.

"నీ గొట్టమూ ఆయుధమే గదమ్మా. నా కోడల్ని నీళ్ళల్లో పడెయ్యొద్దని మొక్కినాను" అంది అవ్వ.

కస్తూరక్క బూమ్ తోక మీది నూనెను వేలితో తడిమి చూసింది. తర్వాత వంగి అత్త కాళ్ళకు దణ్ణం పెట్టింది.

మరునాడు గట్టు మీద తోక లాగితే కదల్లేదు. నూనె, బూడిద, గంధం కలిసి సందులో బిగుసుకుపోయాయి. వేడినీళ్ళు తెచ్చి పోశాం. ఇద్దరం చెరోవైపు లాగాం. చాప బిగించడానికి వీల్లేకపోయింది. గాలేమో చక్కగా వీస్తోంది.

"మెకానిక్ దగ్గర సుత్తితో కొట్టిద్దాం" అన్నాను.

"సొట్ట పడతాది. పువ్వులు పెట్టిన వస్తువు, అత్త కండ్లు దాని మీదనే ఉండాయి. ఏమాయె అంటే ఏం చెప్పేది?"

"ఉన్నదే చెప్పు. పాడుచేసింది ఆమే కదా!"

"ఇన్నేండ్లకి నా కోసం మొక్కినాది. ఆ నోట్లో మన్ను కొట్టమంటావా?" అని, అక్క చెరువులోకి దిగి మునిగి లేచింది. తడిసిన జుట్టుతో ఇంటికి వెళ్ళి, "బాగా తిరిగినానత్తా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత వారాల తరబడి ఆమెతో సరిగా మాట్లాడలేదు.

"నీళ్ళు యాడికి పోతాయి, వచ్చే ఏడు చూస్తాం" అనేది. నీళ్ళు పోయాయి. ఆపైన వానలు మొహం చాటేశాయి. జబ్బు చేసి అక్క వేలూరు ఆసుపత్రిలో చేరింది. అప్పటికి నాకు వేలూరుకు బదిలీ అయింది కాబట్టి రోజూ వెళ్ళేదాన్ని. ఒకరోజు మంచం మీద పడుకునే ఉండి, చేతులు రెండూ ముందుకు చాచి, లేని గొట్టాన్ని పట్టుకుని, "మోచేతులు వంచగూడదు, బరువంతా ఒంటితోనే లాగాల" అని నాకు నేర్పింది. నేను సరేనని తలూపాను. ఆ నెలలోనే పోయింది.

మొన్న వేసవిలో గుడియాత్తం వెళ్ళి రాజమ్మవ్వను చూశాను. చూపు బాగా తగ్గింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పాపా, ఆ దినము గట్టు మీద నువ్వుండావు గదా. నా కోడలు ఎట్ల తిరిగింది? నేను చూడలేదే" అంది.

ఈ ముసలమ్మకు నిజం చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో! నోరు తెరిచాను. "నిటారుగా నిలబడి పోయిందవ్వా. అవతలి గట్టు దాకా పోయి తిరుక్కొని వచ్చింది. ఒక్కసారి కూడా పడలేదు" అన్నాను.

"పడదు. నేను మొక్కినాను గదా" అంది అవ్వ.