అరటిపండు కాని పిల్ల

మా పక్కింటి ఆంటీ పోయారు. వాళ్లమ్మాయి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదు" అని ఆగిపోయింది. నేను పొయ్యి కట్టేశాను. ఆమెను ఓదార్చాల్సింది పోయి, నాకు ముందు మా అమ్మాయి మేఘన గుర్తొచ్చింది.

మేఘనకి పదకొండేళ్లు. బుద్ధి ఎదుగుదల నెమ్మది. ఒక మాటకి జవాబు చెప్పడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఈలోగా ఎదుటి పిల్లలు వెళ్లిపోతారు. స్కూల్లో రోజుకొకరిని దానికి బడ్డీగా వేసేవారు. గంట మోగితే బడ్డీ డ్యూటీ దిగిపోయేది. పుట్టినరోజు పిలుపులు క్లాసంతటికీ పంచేటప్పుడే మాకూ వచ్చేవి.

ఆంటీ ఒంగోలు నుంచి కూతురి దగ్గరికి వచ్చి, సిడ్నీ శివార్లలోని ఈ స్కోఫీల్డ్స్‌లోనే ఉండిపోయిన మనిషి. సాయంత్రాలు గరాజ్ షట్టర్ ఎత్తి, మడత కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకునేవారు. ఒకరోజు తోచక డ్రైవ్‌వే మీద సుద్దతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశారు. ఎదురింటి రూబీ, ఇంకొందరు పిల్లలు చేరారు. మేఘననీ చేర్చుకున్నారు. అది గీత తొక్కినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, చప్పట్లు కొట్టేవారు. ఎంత మంచి పిల్లలో అని నాకు కళ్లు చెమర్చేవి.

ఆంటీకి మాత్రం ఒళ్లు మండింది. "మంచేంటమ్మా, దాన్ని ఆటలో అరటిపండుని చేస్తేనూ? అవుటవ్వని పిల్ల ఆడినట్టా? జాలిపడ్డోళ్లు అన్నం పెడతారు గానీ ఆటకి పిలవరు."

మర్నాడు మేఘన భుజం మీద చెయ్యేసి, తనకొచ్చిన ఇంగ్లిష్‌లో పిల్లలకి తీర్పు చెప్పారు. "మేఘన నో బనానా. లైన్ టచ్, అవుట్."

రూబీ తెల్లబోయింది. విడమరిచి చెబుదామనుకున్నాను గానీ, ఆటకీ అరటిపండుకీ సంబంధమేమిటో నాకు మాత్రం ఏం తెలుసు? లెక్కలోకి రాని పిల్లని అలా అంటారని మాత్రం చెప్పాను.

ఆ సాయంత్రం మేఘన మొదటిసారి అవుటయింది. ఏడ్చి బిళ్ల విసిరేసింది. నేను వెళ్లబోతే ఆంటీ కళ్లతోనే ఆపారు. దాన్ని కుర్చీ పక్కన నేల మీద కూర్చోబెట్టి, ఒళ్లో చిక్కుడుకాయలు పోశారు. అవుటైనవాళ్లు ఇక్కడ కూర్చోవాలి, మళ్లీ వంతు వస్తుంది అన్నారు. కాసేపటికి రూబీ కూడా అవుటై వచ్చి పక్కన చేరింది. ఇద్దరూ ఈనెలు తీస్తూ ఏవో చెప్పుకున్నారు. బడ్డీ డ్యూటీ లేకుండా ఒక పిల్ల మా పిల్ల పక్కన కూర్చోవడం అదే మొదలు.

"నో బనానా" మా వీధి చట్టమైంది. ఒకసారి రూబీ, మేఘన తొండాట మీద దెబ్బలాడుకున్నారు కూడా. "కొట్లాడుకున్నారమ్మా, ఇంక ఫ్రెండ్సే" అని ఆంటీ పండగ చేసుకున్నారు.

చలికాలంలో ఆమె మంచం పట్టారు. షట్టర్ దిగింది. వానకి గీతలు చెరిగిపోయాయి.

ఆంటీ చనిపోయారని చెప్పినప్పుడు మేఘన చాలాసేపు ఆలోచించి, "ఆంటీ అవుట్?" అని అడిగింది. అవునన్నాను. "వెన్ ఈజ్ హర్ టర్న్?" అంది.

అంత్యక్రియలయ్యాక ఒక సాయంత్రం రూబీ సుద్దముక్కతో వచ్చి ఆంటీ వాళ్ల డ్రైవ్‌వే మీదే గళ్లు గీసింది. మేఘన గెంతుతూ గీత తొక్కింది. రూబీ చూసింది. బాధలో ఉంది కదా అనుకుందేమో, తల దించుకుని ఊరుకుంది. ఆవిడతోపాటే అంతా పోయింది, మా పిల్ల మళ్లీ అరటిపండే అనుకున్నాను.

మేఘన ఒంటికాలి మీదే ఆగి, మూసిన షట్టర్ వైపు చూసింది.

"నో బనానా. ఐయామ్ అవుట్" అంది.

బిళ్ల రూబీ చేతిలో పెట్టి వెళ్లి, షట్టర్ ముందు ఆంటీ కుర్చీ పట్టేంత చోటు వదిలి, దాని పక్కన నేల మీద కూర్చుంది.