అమ్మ అడిగిన బలం

దేవుని ఎదుట కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు అప్పుడే నవ్వుతుంటారు. నవ్వుకోండి. కానీ కోకాపేటలో కొత్త టవరు కోసం సెల్లారు తవ్వుతూ రాయి పేల్చినప్పుడు లేచే వాసన, మందూ మసీ వేడిరాతి పొడీ కలిసి గొంతులో గరగరలాడే ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నాకు అబద్ధాలు రావు. ఒళ్లు మండుతుంది, అంతే.

నా చిన్నప్పుడు ఈ అద్దాల మేడలున్న చోటంతా రాతిగుండ్లు, ఏనుగంత గుండు మీద ఎద్దంత గుండు. పాలమూరు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చిన మావాళ్లు రాయదుర్గం అవతల క్వారీ జాగాలోనే గుడిసెలు వేసుకున్నారు. వానాకాలం గుండ్ల మధ్య గుంటలు నిండితే అవే మా ఈతబావులు. వానలు వెనకపట్టాక పొదల నిండా సీతాఫలాలు, వాటిని పచ్చివే తెంపి జొన్నల డబ్బాలో దాచి, మాగాయో లేదోనని మాటిమాటికీ నొక్కి చూసి పాడుచేసేవాళ్లం. చలి మొదలయ్యాక వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం, మేం గుడి అనే రేకుల చర్చికి సున్నం కొట్టడం, అందులో సగం మా నెత్తిన పోసుకోవడం. క్రిస్మస్ నాడు బయట రాళ్లపొయ్యి మీద బగారా అన్నం ఉడుకుతుంటే ఆ లవంగాల వాసనకు మాకు ప్రసంగం చెవికెక్కేది కాదు. మా పాస్టరుగారికీ, ఆయన్ని అయ్యగారనేవాళ్లం, నోట్లో నీళ్లూరేవనే నా అనుమానం. ఏడాదంతా లాగే మనిషి ఆ ఒక్క రోజు గబగబా ముగించేవారు.

మా అమ్మ పేరు శాంతమ్మ. బాప్తిస్మంలో ఆ పేరు పెట్టినవాళ్లు ఆమె నోరు విని ఉండరు. మమ్మల్ని అన్నానికి పిలిచిందంటే పొదల్లో కౌజుపిట్టలు ఎగరడం మరిచిపోయి రాలిపడేవి, మేం ఏరుకొచ్చి కూర వండించుకునేవాళ్లం. క్వారీలో ఒక గుండుకు నిలువునా బీట పడింది. దానికి ఎవరూ మందు పెట్టలేదు. దాని పక్కన నిలబడి అమ్మ మా అక్కను తిట్టింది. ప్రమాణం చేశానని మరవకండి.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఒక్కొక్కరూ లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలుతో పాటు తమ బలహీనత కూడా చెప్పుకోవాలి. తాగినవాడు తాగానని చెప్పేవాడు, కొట్టినవాడు కొట్టానని చెప్పేవాడు. అమ్మ మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు శాతగాదు తండ్రీ, నీ బలమే నాకియ్యి" అని ఏడ్చేది. ఏ బలహీనతో పేరు చెప్పేది కాదు. అది ఆమె నోరేనని గుడి మొత్తానికి తెలుసు. నా చెవులకు ఇంకా బాగా తెలుసు.

యోహాను మేస్త్రి మా గుడి సంఘపెద్ద. క్వారీలో మాకందరికీ పని ఇచ్చేదీ ఆయనే. రాయి పేల్చేముందు ఆయన మెడలోని సీటీతో ఈల వేసి, ఎర్రగుడ్డ ఊపి, జనం దూరంగా పోయాకే వత్తి ముట్టించాలి. ఆ ఏడు సీతాఫలాల కాలంలో ఓ పొద్దున లారీ వచ్చి నిలబడిందన్న తొందరలో సీటీ మోగలేదు. మా నాయన కాలు మోకాలి కింద నుజ్జయింది. దవాఖానలో తీసేశారు. నాయన ఇంకా మూలుగుతుండగానే, సీటీ ఊదానని, విననిది నాయనేనని మేస్త్రి ఊరంతా చెప్పుకున్నాడు.

క్రిస్మస్ ముందు బత్తాయిలు పట్టుకుని మా గుడిసెకు వచ్చాడు.

"శాంతమ్మా, పండుగనాడు నువ్వే సాక్ష్యం జెప్పాలె. తప్పు మా ఆయనదే, ఓర్చుకునేటందుకు దేవుడు బలమిచ్చిండు అని జెప్పు. మీ ఆయనకు కావలి పని నేను సూస్త. ఫికర్ జెయ్యకు."

చెప్పకపోతే పనీ ఉండదు, గుడిసే ఉండదు. ఆ మాట ఆయన అనలేదు, అనక్కర్లేదు. అమ్మ తల దించుకుని, "సరే అన్నా" అంది, నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన అటు పోయాడో లేదో, చెంబు తన్నుకుని నీళ్లు ఒలకబోశానని నా మీద లేచింది: "కండ్లు యాడ బెట్టుకున్నవ్‌రా, దొంగసచ్చినోడా!"

పండుగనాడు అమ్మ లేచి నిలబడింది. పక్కనే కూర్చున్న నాకు ఆమె కాలివేళ్లు చాపను గట్టిగా పట్టుకోవడం కనిపించింది.

"నా కోపం పోవాలెనని పార్థన జేస్తున్న అనుకున్నరు మీరంత. కోపం గాదు. భయం నాది. మేస్త్రికి భయపడి, గా భయమంత పోరగాండ్ల మీద అరిసి తీర్సుకున్న. దీన్ని నువ్వే తియ్యాలె, నాతోని గాదు అని దేవుణ్ణి అడిగిన. ఇయ్యాల తీసిండు. గా దినం సీటీ ఊదలే. నేను ఆడ్నే ఉన్న."

"కూసో చెల్లె," అన్నాడు మేస్త్రి. "పండుగపూట గిదేంది? నీ కోపమే మాట్లాడుతుంది."

"కోపమైతే ఒర్లేదాన్ని గదన్నా. సూడు, ఎంత మెల్లగ జెప్తున్ననో."

గుడి మొత్తం ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. రేకులు అదిరాయి.

వారం తిరక్కుండా పని పోయింది, గుడిసె పోయింది. మూసాపేటలో ఒక కిరాయి గదిలో పడ్డాం. నాయన చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. అమ్మ ఆ తర్వాత మా మీద అరవడం చాలా తగ్గించింది, కిరాయి కోసం వచ్చి గదమాయించే ఇంటి యజమానితో మాత్రం నిలబడి మాట్లాడేది.

ఇప్పుడు ఆ గుండ్లు లేవు, ఆ గుంటలు లేవు, రేకుల గుడి ఉన్నచోట కార్లు భూమిలోకి దిగే దారి ఉంది. తాగానని, కొట్టానని నలుగురిలో చెప్పుకునేవాళ్లూ లేరు. మొన్న ఇక్కడి టవర్లలో ఓ కమ్యూనిటీ హాల్లో ప్రార్థనకు వెళ్తే, లేచి సాక్ష్యం చెప్పినవాళ్లంతా గెలిచినవాళ్లే. చివర మెట్లు తుడిచే ఒకావిడ లేచి, తనను లిఫ్టు ఎక్కనివ్వడం లేదని, బకెట్టుతో ఎక్కీ దిగీ మోకాళ్లు పట్టేస్తున్నాయని అంది. మైకు పట్టుకున్నాయన ఆ అపార్ట్‌మెంట్ల సంఘానికి కార్యదర్శి కూడా.

"కంప్లయింట్లు వద్దు సిస్టర్. భరించే స్ట్రెంత్ కోసం ప్రేయర్ చేద్దామండి," అన్నాడాయన.

అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు మూతపడలేదు. దేవుడి బలాన్ని వీళ్లు ఎప్పుడూ మోసేవాడి వీపుకే ఎందుకు అడుగుతారు? మోపేవాడి చెయ్యి పట్టి ఆపమని ఒక్కసారైనా అడగరేం? లేచి మా అమ్మ కథ చెప్పాను, ఇక్కడ రాసినట్టే. "బ్యూటిఫుల్ టెస్టిమొనీ అండీ," అని ఆయన పాట ఎత్తుకున్నాడు.

ప్రమాణం చేశాను గనుక ఒకటి ఒప్పుకోవాలి. వాళ్లకు చెప్పినప్పుడూ, మీకు చెప్పినప్పుడూ ఒకటి కల్పించాను. ఆ రోజు గుడిలో ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు బైబిల్లో వేలు పెట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయారు. అందరికీ సీటీ సంగతి తెలుసు, అందరికీ మర్నాడు పని కావాలి. అమ్మ నిలబడే ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరూ తలెత్తలేదు. అప్పుడు తనే మెల్లగా "ఆమెన్" అని, వెళ్లి నాయన పక్కన కూర్చుంది.